అచ్చుతప్పుల బీరువా

ఈ పేజీలో ఎక్కడో ఒకచోట 8 అంకె ఉంటుంది. దాన్ని కాసేపు చూడండి. తర్వాత పుస్తకాన్ని తలకిందులుగా తిప్పి మళ్లీ చూడండి. ఎనిమిదిని ఎటు తిప్పినా ఎనిమిదే కదా అనుకుంటాం. కాదు. పై సున్నా కాస్త చిన్నది, కింది సున్నా కాస్త పెద్దది. తిరగేశారంటే నెత్తిన నీళ్లబిందె పెట్టుకున్న మనిషిలా తయారవుతుంది. ఇంగ్లిష్ ‘ఎస్’ అక్షరానిదీ ఇదే కథ.

నలభయ్యో ఏడు వచ్చేదాకా నాకీ సంగతి తెలీదు. 2011 వేసవిలో, టొరంటో పక్కన మిసిసాగాలో, ఎవరింటి ముందో పెట్టిన గరాజ్ సేల్‌లో తెలిసింది. ఇల్లు మారేవాళ్లు, పిల్లలు పెద్దవాళ్లయిపోయినవాళ్లు పాత సామానంతా వాకిట్లో బల్లల మీద పరిచి అమ్ముకుంటారక్కడ. గిన్నెలు, బొమ్మలు, అరిగిన స్కేట్ల మధ్య ముదురాకుపచ్చ హాకీ జెర్సీ ఒకటి పడి ఉంది. ఊళ్లో కుర్రాళ్ల జట్టుది. వీపున 18. ఎక్కడో తేడా కొడుతోంది, ఎక్కడో అంతుపట్టడం లేదు. బల్ల వెనక కూర్చున్న పెద్దాయన నా మొహం చూసి నవ్వాడు. “ఎనిమిది తిరగబడింది. మావాడు ఏడాదంతా దాంతోనే ఆడాడు. ఎవరూ కనిపెట్టలేదు,” అన్నాడు. పదిహేను డాలర్లు చెప్పాడు, పది ఇచ్చాను.

ఇంటికి తెచ్చాక మా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: “ఏవండీ, మీరు హాకీ ఎప్పుడాడారు?”

ఆడలేదు. ఐసు మీద నిలబడటం కూడా రాదు. అయినా ఇవాళ మా ఇంట్లో ఒక బీరువా నిండా పాత హాకీ జెర్సీలున్నాయి. అన్నిట్లోనూ ఏదో ఒక తప్పుంది. లేకపోతే, తప్పు కాకపోయినా ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెదో దారి అన్నట్టు ఏదో ఒక వింత ఉంది.

తెల్లారగట్ల లేవడం, జమాఖర్చు రాసుకోవడం, అప్పు లేకుండా బతకడం లాంటి పనికొచ్చే అలవాట్ల గురించి ఈ పుస్తకంలో ఇంతదాకా చెప్పాను. ఈ అధ్యాయం పనికిరాని అలవాటు గురించి. దీనివల్ల జీతం పెరగదు, బరువు తగ్గదు. కానీ ఏ వస్తువునైనా నిదానంగా, అన్ని వైపులా తిప్పి చూడటం నాకు నేర్పింది ఏ శిక్షణ తరగతీ కాదు, ఈ బీరువాయే. అందుకే దీనికి ఇక్కడ చోటిచ్చాను. మీరు జెర్సీలే కొనాలని లేదు. తపాలా బిళ్లలైనా, నాణేలైనా, పాత సినిమా పోస్టర్లయినా పద్ధతి ఇదే.

ముందు ఒప్పు తెలియాలి

మనకు హాకీ అంటే ధ్యాన్‌చంద్, పచ్చిక మైదానం. నేను చెప్పేది మంచు గడ్డ మీద స్కేట్లతో ఆడే ఐస్ హాకీ. కెనడాలో హాకీ అంటే అదొక్కటే. పెద్ద లీగు నేషనల్ హాకీ లీగ్, అందరూ ఎన్‌హెచ్‌ఎల్ అంటారు. 1917లో పుట్టింది. తొలి రోజుల్లో జెర్సీలు ఉన్నితో అల్లేవారు. అందుకే జెర్సీని స్వెటర్ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తర్వాత నూలూ నైలానూ కలిపిన బరువైన అల్లిక వచ్చింది. 1970ల్లో గాలాడే జాలీ బట్ట వచ్చింది. చేత్తో పట్టుకుంటే చాలు, కళ్లు మూసుకుని కూడా ఈ మూడింటికీ తేడా చెప్పొచ్చు. మొదట నేర్చుకోవాల్సింది ఆ స్పర్శ.

తప్పుల్ని సేకరించాలనుకునేవాళ్లు చేసే మొదటి పొరపాటు తప్పుల కోసం వెతకడం. నేనూ అదే చేశాను. కనిపించిన ప్రతి వంకరా నాకు అపురూపంగా తోచింది. ఒప్పు ఎలా ఉంటుందో తెలియనివాడికి తప్పు కనపడదు. ఇంకా దారుణం, ఒప్పే తప్పులా కనబడుతుంది. ఒకసారి పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ జట్టు నీలం రంగు జెర్సీ చూసి, ఆ జట్టు రంగులు నలుపూ పసుపూ కదా, ఫ్యాక్టరీలో రంగు తారుమారైందని ఎగిరి గంతేశాను. ఆ జట్టు నలుపు పసుపుల్లోకి మారిందే 1980 జనవరిలో. అంతకుముందు నీలమే. నేను గంతేసింది మామూలు జెర్సీని చూసి.

అందుకని ఆర్నెల్లపాటు ఏమీ కొనకుండా కూర్చుని తేదీలు నేర్చుకున్నాను. పెద్ద చదువేమీ కాదు, పది పన్నెండు ఆనవాళ్లు పట్టుబడితే చాలావరకు దారి దొరుకుతుంది. నాకు బాగా పనికొచ్చినవి కొన్ని చెబుతాను. ఎన్‌హెచ్‌ఎల్‌లో 1970 నుంచి 2003 దాకా సొంతూరి జట్టు తెల్ల జెర్సీ వేసుకునేది, వచ్చిన జట్టు రంగుది. 2003 నుంచి అది తిరగబడింది. వీపు మీద ఆటగాడి పేరు ఉండి తీరాలన్న నిబంధన 1977-78 సీజన్‌లో వచ్చింది. అంతకుముందు కొన్ని జట్లు పేర్లు వేసుకునేవి, చాలా జట్లు వేసుకునేవి కావు. చికాగో జట్టు పేరు 1986 దాకా బ్లాక్ హాక్స్ అని రెండు మాటలు. ఆ ఏడాది పాత కాగితాల్లో ఒకే మాటగా ఉందని చూసుకుని బ్లాక్‌హాక్స్ అని కలిపేశారు. లీగు ముద్ర డాలు ఆకారంలో ఉంటుంది. 2005 దాకా అది నలుపూ నారింజ, అక్షరాలు పైనుంచి కిందికి దిగుతూ ఉండేవి. ఆ తర్వాత నలుపూ వెండి రంగు, అక్షరాలు కిందినుంచి పైకి ఎక్కుతాయి.

ఈ చివరి ఆనవాలు నాకు ఎలా వంటబట్టిందో కాసేపట్లో చెబుతాను. రెండువందల నలభై డాలర్ల ఫీజు కట్టి నేర్చుకున్న పాఠమది.

టొరంటోకి వెళ్లే పని ఉంటే హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఒక పూట గడపండి. యంగ్ వీధీ ఫ్రంట్ వీధీ కలిసే మూలన, 1885 నాటి బ్యాంకు భవనంలో ఉంది. అద్దాల వెనక అసలు జెర్సీలు ఏ కాలానివి ఆ కాలానివిగా కనబడతాయి. కుట్టు ఎంత దట్టంగా ఉంది, అంకె చేతికి ఎంత దూరంలో ఉంది, మెడపట్టీ ఎలా ముడిపడింది అని చూసుకుంటూ వెళ్లడానికి అంతకంటే మంచి బడి లేదు. అక్కడే స్టాన్లీ కప్పు కూడా ఉంటుంది. హాకీలో అంతకంటే పెద్ద బహుమతి లేదు. గెలిచిన జట్ల పేర్లన్నీ దాని మీద చెక్కుతారు. 1963లో టొరంటో మేపుల్ లీఫ్స్ పేరులో ‘ఎఫ్’ బదులు ‘ఇ’ పడింది. 1972లో బోస్టన్‌లో రెండు ‘ఓ’లూ ‘క్యూ’లయ్యాయి. 1981లో ఐలాండర్స్ పేరులో ‘ఎస్’ ఎగిరిపోయింది. వెండి మీద చెక్కేచోటే ఇలా ఉంటే, గుడ్డ మీద సూదితో కుట్టేచోట ఎలా ఉంటుందో ఊహించుకోండి.

తప్పు ఎలా పుడుతుంది

ఇది తెలిస్తే సగం పని అయినట్టే.

ఆటగాడు మైదానంలో వేసుకునే అసలు జెర్సీ మీద పేరూ అంకెలూ అచ్చు వేసినవి కావు. ట్విల్ గుడ్డలో ఒక్కో అక్షరాన్ని కత్తిరించి, వరసగా పేర్చి, చుట్టూ జిగ్‌జాగ్ కుట్టు వేస్తారు. ఒక మనిషి, ఒక మిషను. హాకీలో ఆటగాళ్లను జట్ల మధ్య మార్చుకోవడం మామూలు. మధ్యాహ్నం కబురొస్తుంది, రాత్రి మ్యాచ్‌కి కొత్తవాడి పేరు వీపు మీద ఉండాలి. కుట్టేవాళ్లకు వాడి పేరు ఆ రోజే పరిచయం. ఫిన్లాండు నుంచో చెక్ దేశం నుంచో వచ్చినవాడైతే ఆ పేరు పలకడమే కష్టం. అక్కడ పుడుతుంది తప్పు. ఒక అక్షరం అటుదిటు అవుతుంది, ఒక ‘ఎస్’ తిరగబడుతుంది, ఎడమచేతి మీద 17, కుడిచేతి మీద 71 పడుతుంది. బేస్‌బాల్‌లో అయితే ఏకంగా జట్టు పేరే తప్పుపోయింది. 2009 ఏప్రిల్‌లో వాషింగ్టన్ నేషనల్స్ ఆటగాళ్లిద్దరు ‘ఓ’ లేని పేరు గుండెల మీద వేసుకుని మైదానంలోకి దిగారు.

దుకాణంలో అభిమానుల కోసం అమ్మే జెర్సీల దారి వేరు. వాటి మీద అంకెలు తెరముద్రతోనో వేడిముద్రతోనో ఒకేసారి వందల్లో పడతాయి. అక్కడ తప్పు దొర్లితే ఒక్కదాంట్లో దొర్లదు, మొత్తం కట్టలో దొర్లుతుంది. తపాలా బిళ్లలు సేకరించేవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. 1854లో మన దేశంలో అచ్చయిన నాలుగణాల బిళ్లను రెండు రంగుల్లో రెండుసార్లు అచ్చు యంత్రంలో పెట్టారు. రెండోసారి కాగితం తిరగబడి పెట్టడంతో కొన్నిట్లో విక్టోరియా రాణి తలకిందులైంది. 1918 నాటి అమెరికా బిళ్ల మీద విమానం పల్టీ కొట్టింది కూడా ఇలాగే. అలా తిరగబడ్డ బిళ్లలు ఒకే ఒక్క కాగితంలో వంద బయటపడ్డాయి.

కాబట్టి తప్పున్న జెర్సీ చేతికి రాగానే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: ఈ తప్పు సూదిదా, యంత్రానిదా? సూదిదైతే అలాంటిది లోకంలో అదొక్కటే ఉండొచ్చు. యంత్రానిదైతే దీనికి అన్నదమ్ములు ఎక్కడో ఉంటారు. మీకు దొరకడమే ఆలస్యం.

దొంగ తప్పులు

ఇప్పుడు ఆ రెండువందల నలభై డాలర్ల సంగతి.

సేకరణ మొదలుపెట్టిన రెండో ఏడు. ఇంటర్నెట్‌లో ఒక అమ్మకందారు దగ్గర ఎడ్మంటన్ ఆయిలర్స్ జెర్సీ కనబడింది. వేన్ గ్రెట్‌స్కీది, 99. హాకీ తెలియనివాళ్లు కూడా విన్న పేరది. వీపు మీద ఆయన పేరులో రెండక్షరాలు అటుదిటయ్యాయి. “1980ల నాటి అరుదైన ఫ్యాక్టరీ తప్పు” అని రాసుంది. రాత్రి పదకొండు గంటలకు, ఇంకెవరైనా ఎగరేసుకుపోతారన్న భయంతో, ఒక్కసారి కూడా ఆలోచించకుండా కొనేశాను. వారానికి పార్సిలొచ్చింది. బల్ల మీద పరిచి ఫొటోలు తీసుకుంటుంటే మా ఆవిడ టీ తెచ్చి ఇచ్చి, కాసేపు చూసి, జెర్సీని లోపలివైపుకి తిప్పింది.

ఆవిడకది అలవాటు. ఇక్కడి తెలుగువాళ్లు చాలామందికి చీర ఫాల్స్ కుట్టిపెడుతుంది. ఏ బట్టయినా ముందు వెనకవైపే చూస్తుంది. “పైన ఎవరైనా బాగానే కుడతారండీ, కింద చూస్తే కదా తెలిసేది,” అంటుంది. కింద దారాలు పీచులు పీచులుగా వేలాడుతున్నాయి. ముద్ర వెనక గట్టి ప్లాస్టిక్ పొర అతికించి ఉంది. అప్పుడు నేను మెడ దగ్గరున్న లీగు డాలు చూశాను. వెండి రంగు. 2005 తర్వాతది. 1980ల నాటి జెర్సీ మీద.

అసలు సంగతి ఆ రాత్రి తట్టింది. నకిలీ సరుకు తయారుచేసేవాడికి పేరు తప్పు రాయడం అరుదేమీ కాదు. ఆ భాష రానివాడు, ఆ ఆట చూడనివాడు, గంటకు ఇన్ని అని లెక్కకట్టి కుట్టేవాడు తప్పు కాక ఒప్పెందుకు రాస్తాడు? నకిలీ జెర్సీల్లో అక్షరదోషం సర్వసాధారణం. దాన్నే అరుదైన వస్తువుగా నాకు అంటగట్టారు. డబ్బు వెనక్కి రాలేదు. నాలుగుసార్లు ఉత్తరం రాశాక అవతలివైపు నుంచి జవాబు కూడా ఆగిపోయింది.

అప్పటినుంచి తప్పుల్ని మూడు కుప్పలు పోస్తున్నాను. అసలు జెర్సీ మీద, ఆ రోజుల్లో, తెలియక జరిగిన తప్పు ఒకటి. నా బీరువాలో చోటు దానికే. నకిలీ జెర్సీ మీది తప్పు రెండోది. దానికి విలువ లేదు, పైగా అది తప్పే కాదు, మోసం మీద మరక. మూడోది అన్నిటికంటే ప్రమాదం. అసలు జెర్సీనే తీసుకుని, పాత అంకె పీకి, తలకిందులుగా మళ్లీ కుట్టి “మిస్‌ప్రింట్” అని అమ్మేది. బట్ట అసలుది, వయసు అసలుది, ముద్ర అసలుది. తప్పు మాత్రం నిన్న కుట్టించింది.

ఈ మూడోదాన్ని పట్టుకోవడానికి మళ్లీ వెనకవైపే శరణ్యం. కుట్టు విప్పి మళ్లీ కుడితే పాత సూది రంధ్రాలు పూర్తిగా పూడవు. అంకె చుట్టూ కొత్త కుట్టుకు పక్కగా మరో చుక్కల గీత కనబడుతుంది. ఏళ్ల తరబడి అంకె కింద దాగిన బట్ట ఎండా సబ్బూ తగలక కొత్తగా ఉంటుంది. అంకెను పక్కకు జరిపితే ఆ కొత్తదనం అంచున తొంగిచూస్తుంది. అతినీల కాంతి చిమ్మే చిన్న టార్చి ఒకటి కొనుక్కోండి. చీకటి గదిలో వేస్తే ఒకే జెర్సీ మీద రెండు కాలాల దారాలు రెండు రకాలుగా మెరవచ్చు. మెరిసినంత మాత్రాన తీర్పు చెప్పేయకండి. ఈమధ్య వాడిన సబ్బు పొడికి కూడా బట్ట మెరుస్తుంది. అది అనుమానానికి పనికొస్తుంది, సాక్ష్యానికి చాలదు.

రంధ్రాలు చదవడం

సూది రంధ్రాలన్నీ మోసానికి గుర్తులు కావు. నా బీరువాలో నాకు అన్నిటికంటే ఇష్టమైన జెర్సీ ఈ మాట మీదే నిలబడింది.

ఎన్‌హెచ్‌ఎల్ జట్లకు కింది లీగుల్లో అనుబంధ జట్లుంటాయి. మన పెద్దింట్లో అన్న చొక్కా తమ్ముడికి దిగినట్టు, పై జట్టు వాడేసిన జెర్సీలు కింది జట్టుకి దిగడం వెనకటికి మామూలే. పేరు పీకేసి కొత్తపేరు కుడతారు, ఆ సీజనూ గడుస్తుంది. హామిల్టన్‌లో ఒక పాతబట్టల దుకాణంలో అలాంటిదొకటి దొరికింది. మెడ సాగిపోయి, మోచేతి దగ్గర రఫ్ కొట్టి, చూడ్డానికి అడుక్కుతినేవాడి కోటులా ఉంది. పేరులో తప్పేమీ లేదు. ఆరు డాలర్లే కదా అని తెచ్చాను.

మా ఆవిడ కిటికీ దగ్గర వెలుతురుకి పట్టింది. “ఇక్కడ ఇంకో పేరుందండీ,” అంది.

నిజంగానే ఉంది. కుట్టిన పేరు కింద, దానికంటే పొడుగ్గా, సూది రంధ్రాలతో మరో పేరు. ఇద్దరం కాగితం పెట్టి పెన్సిలుతో ఒక్కో అక్షరం గీసుకున్నాం. గంటన్నర పట్టింది. అది పూర్తయ్యాక దాని కింద ఇంకో వరస కనబడింది. మూడు పేర్లు. మూడోదాన్లో ఒక అక్షరం తప్పు కుట్టి, విప్పి, సరిదిద్దిన గుర్తు కూడా ఉంది. ఎవరో ఒకరు, ఏదో ఒక సాయంత్రం, మ్యాచ్‌కి ముందు నాలిక కరుచుకుని ఆ అక్షరాన్ని పీకి మళ్లీ కుట్టారు. ఆ కుట్టినవాళ్ల పేరు ఏ రికార్డులోనూ ఉండదు. ఆటగాళ్ల పేర్లు మూడూ తెలిశాయి, కుట్టినవాళ్ల చేయి ఒక్కటే మిగిలింది.

ఇలాంటి వాటిని కొందరు అమ్మకందారులు బాగుచేస్తామని చెప్పి, కింది లీగు పేరు పీకేసి, మొదటి పెద్ద ఆటగాడి పేరు మళ్లీ కుట్టి అమ్ముతారు. నాకది నచ్చదు. అందంగా ఉంటుంది, ధరా పలుకుతుంది, కానీ మధ్యలో ఇద్దరు మనుషులు చెరిగిపోతారు.

పెద్ద ధర పలికే జెర్సీల విషయంలోనూ నిజాన్ని పట్టిచ్చేవి ఇలాంటి లోపాలే. ఫలానా మ్యాచ్‌లో వేసుకున్నది ఇదేనని నిరూపించాలంటే, ఆ రోజు తీసిన ఫొటోలు ముందు పెట్టుకుని జెర్సీతో పోల్చి చూస్తారు. పక్కాగా కుట్టిన జెర్సీ పోలికకి లొంగదు, పది జెర్సీలు ఒకేలా ఉంటాయి. ఒక అక్షరం రవ్వంత ఒరిగి ఉందా, ఒక చార కుట్టు దగ్గర జతపడలేదా, చేతి మీద చిరుగుకి వేసిన రఫ్ ఏ ఆకారంలో ఉంది, ఇవే ఆధారాలు. గ్రెట్‌స్కీ ఎడ్మంటన్ తరఫున 1988 మే నెలలో ఆఖరిసారి వేసుకున్న జెర్సీ 2022లో 14 లక్షల 52 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ మ్యాచ్ తర్వాత మూడు నెలలైనా తిరక్కుండా ఆయన్ని లాస్ ఏంజెలిస్‌కి ఇచ్చేశారు. ఆ జెర్సీ అసలుదేనని నమ్మించింది కూడా ఫొటో పోలికే. 1972లో మాస్కోలో రష్యావాళ్లతో కెనడా ఆడిన మ్యాచ్‌ల వరసలో ఆఖరిదాంట్లో, ఇంకా 34 సెకన్లుందనగా గోలు కొట్టిన పాల్ హెండర్సన్ జెర్సీ 2010లో పది లక్షల డాలర్లు దాటింది. ఇవి మన లెక్కలు కావు. నేను కొన్నవాటిలో అన్నిటికంటే ఖరీదైనది ఆ నకిలీయే.

తప్పు కాదు, వింత

కొన్ని జెర్సీల్లో అక్షరం కూడా తప్పుండదు, అయినా వాటిని చూస్తే నవ్వొస్తుంది. నాకు బాగా నచ్చిన ముచ్చట హరాల్డ్ బల్లార్డ్ది. టొరంటో మేపుల్ లీఫ్స్ యజమాని. వీపు మీద పేర్లు తప్పనిసరన్న నిబంధన రాగానే ఆయన మొరాయించాడు. పేర్లు వీపు మీదే కనబడితే స్టేడియంలో ఆటగాళ్ల వివరాల పుస్తకం ఎవరు కొంటారని ఆయన బాధ. లీగు ఒత్తిడి చేసింది. సరేనన్నాడు. 1978 ఫిబ్రవరి 26న చికాగోలో ఆయన జట్టు నీలం జెర్సీల మీద అదే నీలం రంగు అక్షరాలతో పేర్లు కుట్టించుకుని దిగింది. నిబంధన తు.చ. తప్పలేదు. చదవడం మాత్రం ఎవరివల్లా కాలేదు. కోడలు ఉప్పు వేయమంటే సముద్రం పోసిన అత్తగారి తరహా మనిషి.

1995-96లో అయిదు జట్లకి మూడో జెర్సీ అని కొత్తగా ఇచ్చారు. అందులో లాస్ ఏంజెలిస్ కింగ్స్‌ది, ఒక మూల గడ్డపు రాజు బొమ్మతో, కొద్ది మ్యాచ్‌లకే మూలబడింది. బర్గర్ల దుకాణం రాజులా ఉన్నాడని జనం ఆడిపోసుకున్నారు. అనహైమ్ డక్స్ జెర్సీ మీద బాతు ఏకంగా ఐసు బద్దలుకొట్టుకుని పైకి దూకుతుంది. అదే ఏడు న్యూయార్క్ ఐలాండర్స్ తమ ముద్ర మార్చి ముసలి జాలరి బొమ్మ పెట్టుకుంటే, అవతలి జట్టు అభిమానులు చేపల వేపుడు కావాలని స్టేడియం దద్దరిల్లేలా అరిచారు. రెండేళ్లలో జాలరిని తీసేశారు. అదే జాలరిని 2022-23లో జట్టే మళ్లీ తెచ్చుకుంది. వెక్కిరింపుకి పాతికేళ్లు వయసొస్తే ముద్దొస్తుంది కాబోలు.

ఇలాంటివి కొనాలంటే అందరూ వెక్కిరిస్తున్నప్పుడే కొనాలి. ముద్దొచ్చాక ధర కూడా వస్తుంది.

తప్పు జెర్సీ గురించి కెనడాలో ఎవరిని కదిపినా చెప్పే కథ ఒకటుంది. రోష్ కారియే రాసింది, 1979లో వచ్చింది. క్యూబెక్ పల్లెలో ఒక పిల్లవాడు. ఊరి పిల్లలందరిదీ ఒకే జట్టు, మాంట్రియల్. అందరి వీపునా ఒకే అంకె, ఆ జట్టు ఆటగాడు మారిస్ రిషార్ 9. వాడి స్వెటర్ చిరిగిపోతే తల్లి ఈటన్ కంపెనీకి ఉత్తరం రాసి కొత్తది తెప్పిస్తుంది. పార్సిలు విప్పితే మేపుల్ లీఫ్స్ స్వెటర్. శత్రువు జెర్సీ. ఆ తర్వాత వాడి పాట్లు చదివి తెలుసుకోండి. నేను ఈ దేశానికి వచ్చిన కొత్తలో, 2002లో విడుదలైన అయిదు డాలర్ల నోటు వెనక పిల్లలు హాకీ ఆడుతున్న బొమ్మా, పక్కన సన్నటి అక్షరాల్లో ఏదో వాక్యమూ చూసి, బ్యాంకువాళ్ల నీతివాక్యం అనుకున్నాను. ఆ కథలోదని చాలా ఏళ్లకు తెలిసింది. తప్పు పార్సిలు కథని ఒక దేశం తన డబ్బు మీద అచ్చేసుకుంది.

డబ్బు, బీరువా, ఇల్లు

ఇక పనికొచ్చే మాటలు త్వరగా చెప్పేస్తాను.

గిరి గీసుకోండి. “అరుదైన జెర్సీలు” అంటే అది సముద్రం. నాది చిన్న గిరి: కుట్టిన అంకెల్లోనో పేర్లలోనో తప్పో వింతో ఉండాలి, యాభై డాలర్లు దాటకూడదు. గిరి చిన్నదైతే తొందరగా ఆరితేరుతారు, ఎక్కువసార్లు “వద్దు” అనగలుగుతారు. రాత్రి తొమ్మిది దాటాక కొనకండి. నా దగ్గరున్న పనికిమాలిన కొనుగోళ్లన్నీ ఆ తర్వాతవే. ఫొటోలు చూసి కొనేటప్పుడు లోపలివైపు ఫొటో అడగండి, మెడ దగ్గర లేబులుది అడగండి, నడుము వెనక లోపల కుట్టే పట్టీది అడగండి. హాకీలో కొట్లాటలెక్కువ. అవతలివాడు జెర్సీని తలమీదికి లాగకుండా ప్యాంటుకి బిగించే పట్టీ అది. దుకాణం జెర్సీల్లో చాలావాటికి ఉండదు. నకిలీల్లో ఉన్నా పీలగా ఉంటుంది. లోపలి ఫొటో పంపడానికి నసిగేవాడి దగ్గర కొనకండి. ఇంతకంటే పెద్ద సూత్రం నా దగ్గర లేదు.

ఆటలో వేసుకున్న జెర్సీని ఉతక్కండి. చేతుల మీది నల్లచారలు కర్రకు చుట్టే టేపువి, నల్లమచ్చలు బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల, పక్, తగిలినవి. వాటిని వదిలించుకుంటే జెర్సీ చరిత్రని వదిలించుకున్నట్టే. హ్యాంగరుకి వేలాడదీస్తే పాత అల్లిక తన బరువుకి తానే సాగిపోతుంది. మడిచి, మడతల మధ్య ఆమ్లం లేని పల్చటి కాగితం పెట్టండి. ఉన్నివాటికి పురుగు భయం ఉంది. అలాగని మనకు అలవాటైన కలరా ఉండలు జెర్సీ మీద పడేయకండి. ముద్రల్లోని ప్లాస్టిక్ మెత్తబడి పాడవుతుంది. గుడ్డ మూటకట్టి బీరువా మూల పెట్టండి, బట్టకు తగలకుండా. ఎండ తగిలేచోట గోడకి వేలాడదీయకండి.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి దగ్గర, ఎంతకు కొన్నారు, ఏమిటి తప్పు, అది అసలు తప్పేనని ఎందుకు నమ్మారు. చివరి ప్రశ్నకి జవాబు రెండు వాక్యాల్లో రాయలేకపోతే కొనకండి. కొనేసి ఉంటే, మోసపోయామని కూడా అందులోనే రాయండి. ఆ నకిలీ గ్రెట్‌స్కీ నా నోటుపుస్తకంలో ధరతో సహా ఉంది. దాన్ని అమ్మలేదు. అమ్మితే ఇంకొకరికి అంటగట్టినట్టవుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మా ఇంటికొస్తే ముందు దాన్నే చేతికిచ్చి, ఇందులో తప్పేమిటో చెప్పమంటాను. అందరూ పేరే చూపిస్తారు. ఇప్పటిదాకా మెడ దగ్గరికి చూసింది ఇద్దరే.

ఇంట్లోవాళ్ల మాటకొస్తే, బీరువా ఒక్కటే అన్నది మా ఒప్పందం. నిండితే ఒకటి తీసేశాకే ఇంకొకటి రావాలి. ఈ నిబంధన పెట్టింది మా ఆవిడ. మొదట్లో గొణిగాను గానీ, సేకరణ బాగుపడింది దానివల్లే. రెండేళ్లకోసారి నిండుతుంది. అప్పుడు కూర్చుని, వేటిని వదులుకోగలనో వెతుక్కుంటాను.

మీ ఇంట్లోనో మీ బంధువుల ఇంట్లోనో పాత జెర్సీ ఏదైనా ఉంటే, హాకీదే కానక్కర్లేదు, కాలేజీ కబడ్డీ జట్టుదైనా సరే, లోపలివైపుకి తిప్పి కిటికీ దగ్గర పట్టుకుని చూడండి. ఉదయం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చూడండి. ట్యూబులైటు కింద సూది రంధ్రాలు కనపడవు.